ఒత్తు పోతే పరువు పోతుందా? నవాగామ్ తెలుగు చెప్పే సంగతి

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుగుతుంది. సరిగ్గా పదకొండు రోజులకు, సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం వస్తుంది. మొదటిది గిడుగు వెంకట రామమూర్తి పుట్టినరోజు, రెండోది కాళోజీ నారాయణరావు పుట్టినరోజు. రెండింటి వెనుకా ఉన్న ప్రశ్న మాత్రం ఒక్కటే. ఏది సరైన తెలుగు? దాన్ని తేల్చే అధికారం ఎవరిది?

వేదికల మీద ఈ ప్రశ్నకు జవాబు దొరికిపోయినట్టే కనిపిస్తుంది. వాడుక భాష గెలిచింది, మాండలికాలకు గౌరవం దక్కింది అంటారు. కానీ ఆ రోజుల్లో చేతిలోని ఫోన్ తెరిస్తే వేరే దృశ్యం కనిపిస్తుంది. ఎవరో ‘శుబాకాంక్షలు’ అని రాస్తారు. కింద ఇంకెవరో ‘ముందు తెలుగు నేర్చుకోండి’ అని అంటిస్తారు. ఒక్క ఒత్తు పోయినందుకు రాసినవారి చదువు మీద, ఊరి మీద, ఒక్కోసారి కులం మీద కూడా అంచనాలు మొదలవుతాయి. ఒక మనిషి రాతను చూసి ఆ మనిషి వచ్చిన సమూహం మొత్తానికి మార్కులు వేయడం మనకు అలవాటైపోయింది.

ఈ అలవాటు ఎంతవరకు సబబో తెలుసుకోవాలంటే హైదరాబాద్, విజయవాడల నుంచి కాక తెలుగు నేల దాటి చూడాలి. సూరత్‌లోని నవాగామ్ అందుకు మంచి చోటు.

కొత్తూరు తెలుగు

గుజరాతీలో నవాగామ్ అంటే కొత్తూరు. సూరత్‌లో డిండోలిని ఆనుకుని ఉన్న శ్రామికవాడ ఇది. లింబాయత్, ఉధనా, డిండోలి, నవాగామ్ ప్రాంతాల్లో ఖాందేశ్ మరాఠీలు, ఉత్తరాది హిందీ కుటుంబాలు, గంజాం ఒడియాలతోపాటు తెలుగువాళ్లూ ఉంటారు. వీరిలో ఎక్కువమంది కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీ కుటుంబాలు. చేతిమగ్గం కూడు పెట్టని రోజుల్లో భివండీ, షోలాపూర్, ముంబయి, సూరత్‌లే వారికి దిక్కయ్యాయి. వరంగల్లులో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సూరత్‌లో దిగవచ్చు. ఆ బండి పేరు ఎంతోమందికి బతుకుతెరువుకు మారుపేరు.

ఈ ఇళ్లలో వినిపించేది ఉత్తర తెలంగాణ తెలుగు. మరమగ్గాన్ని సిరిసిల్లలో ‘సాంచె’ అంటారు. గుజరాతీలో యంత్రానికి ‘సంచో’ అనే మాట ఉంది. కండెలు, సేటు, కార్ఖానా వంటి మాటలకు అక్కడా ఇక్కడా అనువాదం అవసరం లేదు. బతుకమ్మ పాట అదే, పిలుపుల్లో ‘అవ్వ’, ‘బాపు’, ‘చిన్నాయిన’ అవే.

రాత దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఇంగ్లిష్, ఒడియా, తెలుగు అనే ఏడు మాధ్యమాల్లో నడుస్తాయి. తెలుగు రాష్ట్రాల బయట ఒక నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు నడపడం చిన్న విషయం కాదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం 1956 నుంచి చెబుతూనే ఉన్నా, దాన్ని ఇంత విస్తారంగా అమలు చేసిన నగరాలు తక్కువ. అయినా అందరు పిల్లలూ ఆ బడులకే వెళ్లరు. గుజరాతీ, హిందీ, ఇంగ్లిష్ మాధ్యమాల్లో చేరేవారు ఉంటారు. 2023లో గుజరాత్ శాసనసభ ఆమోదించిన చట్టం ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు గుజరాతీ బోధనను తప్పనిసరి చేసింది. తెలంగాణలో 2018 చట్టం తెలుగును తప్పనిసరి చేసింది గానీ, అది రాష్ట్ర సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది.

ఫలితంగా ఒకే ఇంట్లో మూడు రకాల తెలుగు రాత కనిపించడం సహజం. పెద్దలు ఊరి బడిలో నేర్చుకున్న తెలుగు లిపి, తెలుగు బడికి వెళ్లని పిల్లలు గుజరాతీ లిపిలో రాసే తెలుగు, ఇద్దరూ ఫోన్‌లో వాడే ఇంగ్లిష్ అక్షరాల తెలుగు. మాట్లాడితే ఒక్కలాగే వినిపించే భాష, రాసేసరికి మూడు ముక్కలవుతుంది.

తప్పుల్లో రకాలు

రాతలో ‘తప్పు’ అని మనం ఒకే గంపలో వేసేవాటిలో నిజానికి నాలుగు రకాలున్నాయి. వాటిని విడదీయకుండా తీర్పు చెప్పడమే అసలు చిక్కు.

మొదటిది, తప్పే కానిది. ‘వచ్చిండు’, ‘పోయిండ్రు’ అని రాస్తే కోస్తా పత్రికల తెలుగుకు అలవాటుపడ్డ కంటికి అది వ్యాకరణ దోషంగా కనిపిస్తుంది. కానీ ‘వచ్చినాడు’ అన్న పాత రూపం ఒక ప్రాంతంలో కుదించుకుపోయి ‘వచ్చాడు’ అయింది, ఇంకో ప్రాంతంలో ‘వచ్చిండు’ అయింది. రెండూ ఒకే మూలం నుంచి వేర్వేరు దారుల్లో వచ్చిన రూపాలే. రెండింటికీ నియమముంది. చెప్పిండు, తిన్నడు, కొన్నడు అనే చోట్ల ఏ క్రియకు ఏ ప్రత్యయం వస్తుందో ఆ భాష మాట్లాడే అయిదేళ్ల పిల్లకు తెలుసు. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించి చూపారు. ఆయన సంపాదకత్వంలో మొదలైన మాండలిక వృత్తి పదకోశాల్లో మొదటిది వ్యవసాయం మీద 1962లో వస్తే, రెండోది చేనేత మీద 1971లో వచ్చింది. నేతగాళ్ల మాటలకు నిఘంటు గౌరవం దక్కి అర్ధశతాబ్దం దాటింది. అవే మాటలు ఫోన్‌లో కనిపిస్తే మాత్రం ఇంకా ‘మోటు’ అనిపిస్తున్నాయి.

రెండోది, చెవికి వినిపించని తేడాలు. ‘బాధ’ను ‘భాద’ అనీ, ‘విద్యార్థి’ని ‘విధ్యార్థి’ అనీ రాయడం తెలుగునాట ప్రతి జిల్లాలోనూ ఉంది. కారణం అజాగ్రత్త ఒక్కటే కాదు. మహాప్రాణాలు సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లోవి. రోజువారీ మాటల్లో చాలామంది ఒత్తి పలకరు. చెవికి అందని తేడాను కంటితో గుర్తుపెట్టుకోవాలి. ఎక్కడో ఒత్తు ఉందని తెలుసు, ఎక్కడో తెలియదు. అందుకే ఒత్తు ఒక అక్షరం ముందుకు జరుగుతుంది. ‘భాద’ అని రాసినవారికి నియమం బొత్తిగా తెలియదని కాదు, సగం తెలుసని అర్థం. శ, ష, స మధ్య తడబాటుదీ ఇదే కథ. విచిత్రమేమిటంటే, గుజరాతీ చదివే నవాగామ్ పిల్లలకు ఈ విషయంలో కొంత మేలే జరుగుతుంది. గుజరాతీలో మహాప్రాణాలను పలుకుతారు కాబట్టి, ‘బ’కూ ‘భ’కూ తేడా వారికి చెవిలోనే ఉంటుంది.

మూడోది, లిపి మారినప్పుడు జారిపోయేవి. గుజరాతీ లిపిలో హ్రస్వ ఎకారానికీ దీర్ఘ ఏకారానికీ వేర్వేరు గుర్తులు లేవు. ఒ, ఓలదీ అదే స్థితి. తెలుగులో ఆ తేడా ప్రాణప్రదం. మెడ వేరు, మేడ వేరు. వెల వేరు, వేల వేరు. ‘వెళ్లు’ అంటే కదలమని, ‘వేళ్లు’ అంటే చెట్టువో చేతివో. గుజరాతీ లిపిలో ఈ జంటలన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఆ లిపికి అలవాటుపడ్డ పిల్ల తెలుగు లిపిలోకి వచ్చినప్పుడు ‘పేరు’ను ‘పెరు’ అని రాస్తే, ఆ పిల్లకు తెలుగు రాదని కాదు. నోటితో ఎప్పుడూ తప్పు పలకదు. ఒక లిపి అడగని తేడాను ఇంకో లిపి అడుగుతోందంతే.

నాలుగోది, అర్థాన్ని మార్చే అసలు తప్పు. ‘అర్థం’ రాయాల్సిన చోట ‘అర్ధం’ రాస్తే భావం కాస్తా సగమవుతుంది. కూలి లెక్కలో, మందుల చీటీలో, ఇంటి అద్దె కాగితంలో ‘వెల’, ‘వేల’ తారుమారైతే నవ్వి ఊరుకునే విషయం కాదు. దిద్దాల్సింది ముందుగా వీటిని. కానీ మన వెక్కిరింపులు మొదటి మూడింటి చుట్టూ తిరిగినంతగా నాలుగోదాని చుట్టూ తిరగవు.

చదివేవారి సంగతి

రాతలో తప్పు కనిపిస్తే రాసినవారి గురించి అంచనా తగ్గుతుందన్నది ఊహ కాదు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జూలీ బోలాండ్, రాబిన్ క్వీన్ 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. అద్దె ఇంట్లో తోడుగా ఉండేవారి కోసం వేసిన ప్రకటనకు వచ్చిన జవాబులంటూ కొన్ని ఈమెయిళ్లను 83 మంది చేత చదివించారు. కొన్నింటిలో తప్పుల్లేవు, కొన్నింటిలో మీటలు తప్పి పడిన అక్షరాలు, మరికొన్నింటిలో వ్యాకరణ దోషాలు ఉన్నాయి. తప్పులున్న ఈమెయిళ్లు రాసినవారికి మార్కులు తగ్గాయి. అంతవరకు ఊహించినదే. ఆసక్తికరమైనది తరవాతి సంగతి. ఎంత కఠినంగా మార్కులు వేశారన్నది చదివినవారి స్వభావాన్ని బట్టి మారింది. కలుపుగోలుగా ఉండేవారు చాలా తప్పులను చూసీచూడనట్టు పోనిచ్చారు. నలుగురితో అంతగా కలవనివారు కఠినంగా ఉన్నారు.

అంటే తీర్పులో రాసినవారి గుణమే కాదు, చదివినవారి గుణం కూడా కనిపిస్తుంది. ఒక సమూహం రాతను చూసి ‘వీళ్లింతే’ అనుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తెలుగులో దీనికి సాక్ష్యం సినిమా. దశాబ్దాలపాటు తెలంగాణ యాస ప్రతినాయకుడి నోట్లోనో హాస్యగాడి నోట్లోనో వినిపించేది. 2017లో ‘ఫిదా’ నాయిక అదే యాసలో మాట్లాడితే రెండు రాష్ట్రాల ప్రేక్షకులూ ఆమెను ఇష్టపడ్డారు. 2023లో వచ్చిన ‘బలగం’ సిరిసిల్ల పరిసర పల్లెల నేపథ్యంలో, అక్కడి మాటతోనే జనాన్ని ఏడిపించింది. ఆ మధ్యకాలంలో యాస మారలేదు, దాని వ్యాకరణమూ మారలేదు. మారింది వినేవారి చెవి. రాష్ట్రం వచ్చాక, అధికారం తోడయ్యాక, ఒకనాటి ‘తప్పు’ ఇప్పుడు ‘సహజం’ అయింది. సూరత్ తెలుగువాళ్లు మాట్లాడేదీ అదే తెలుగు. కానీ వారి వెనుక రాష్ట్రం లేదు, సినిమా లేదు.

ప్రవాసంలోనూ అందరికీ ఒకే కొలబద్ద లేదు. అమెరికాలో సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన మనబడి వంటి చోట్ల తెలుగు నేర్చుకునే పిల్లలు గుణింతం తప్పినా వేదికల మీద చప్పట్లు పడతాయి. అది న్యాయమే, పిల్లల ప్రయత్నానికి ఆ ప్రోత్సాహం కావాలి. మరమగ్గాల కార్మికుల పిల్లలు అదే తప్పు రాస్తే ‘చదువులేని ఇల్లు’ అనిపించుకుంటారు. తప్పు ఒకటే, తల్లిదండ్రుల జీతం వేరు. ఈ తేడాను ఏ వ్యాకరణ పుస్తకమూ సమర్థించదు.

పక్కింటి పాఠం

వర్ణక్రమం మీద తగాదా తెలుగువారికే పరిమితం కాదు. నవాగామ్ ఉన్న గుజరాత్‌లోనే దీనికి గట్టి చరిత్ర ఉంది. గుజరాతీ రాత ఒక్కొక్కరిది ఒక్కోలా ఉండటం గాంధీజీని బాధించింది. ఆయన ప్రోద్బలంతో గుజరాత్ విద్యాపీఠ్ 1929లో ‘జోడణీకోశ్’ అనే వర్ణక్రమ నిఘంటువును తెచ్చింది. ఇకమీదట ఎవరికి తోచినట్టు వారు రాసే హక్కు లేదని గాంధీజీ తేల్చిచెప్పారు. అయినా తగువు తీరలేదు. గుజరాతీ పలుకుబడిలో ఇ–ఈ, ఉ–ఊ తేడాలు నిలవలేదు కాబట్టి, ఒకే ‘ఇ’, ఒకే ‘ఉ’ చాలునని వాదించేవారు 1999లో ఊంఝాలో సమావేశమై తీర్మానం చేశారు. ప్రధాన స్రవంతి దాన్ని ఒప్పుకోలేదు. అయినా, రాతలో ఉండి పలుకులో లేని తేడాలు ఎవరికి భారమవుతున్నాయన్న ప్రశ్న బలంగా ముందుకొచ్చింది.

తెలుగు దారి వేరు. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం గ్రాంథికానికి కొలబద్ద అయింది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో గిడుగు ఒకవైపు, జయంతి రామయ్య మరోవైపు నిలబడి హోరాహోరీ వాదించుకున్నారు. బడిపిల్లలు అర్థం కాని భాషలో పరీక్షలు రాయాల్సిరావడమే గిడుగు వాదానికి కేంద్రం. ఆయన దృష్టి పండితుల మీద కాదు, పిల్లల మీద ఉంది. చివరికి తీర్పు చెప్పింది ఏ సంఘమూ కాదు, పత్రికలూ పుస్తకాలూ. అరసున్న పోయింది, బండి ఱ దాదాపు పోయింది. భాష మాత్రం పోలేదు.

ఇంకో సంగతి గమనించదగ్గది. గిడుగు ఉద్యోగం చేసింది పర్లాకిమిడిలో, అది ఇప్పుడు ఒడిశాలో ఉంది. 1936లో ఆ పట్టణం ఒడిశాలో చేరినప్పుడు ఆయన రాజమహేంద్రవరానికి తరలివచ్చారు. సవరలకు వారి భాషలోనే చదువు చెప్పాలని కష్టపడిన మనిషి ఆయన. కాళోజీ పుట్టింది నేటి కర్ణాటకలోని రట్టిహళ్లిలో. తండ్రి మరాఠీవాడు, తల్లి కన్నడిగ. మనం ఏటా జరుపుకునే రెండు భాషా దినోత్సవాలూ భాషల సరిహద్దుల్లో పెరిగినవారివే. ఒక భాషలో పుట్టి ఇంకో భాష నడుమ బతికేవారికే, ‘సరైన భాష’ అనే మాట ఎవరిని బయట నిలబెడుతుందో తెలుస్తుంది. నవాగామ్ పిల్లలు ఆ సరిహద్దులోనే ఉన్నారు.

పేరులో పడే చిక్కు

రాత తేడాలు పరువుతో ఆగవు, కాగితాల దాకా వెళతాయి. దక్షిణాదిలో ‘త’ శబ్దానికి ఇంగ్లిష్‌లో ‘టీ’ పక్కన ‘హెచ్’ చేర్చడం అలవాటు. గుజరాత్‌లో ‘త’కు ఒట్టి ‘టీ’ చాలు, ‘హెచ్’ చేరిస్తే అది ‘థ’. కరీంనగర్ పద్ధతిలో రాసిన సరిత, లత, గీత సూరత్‌లో సరిథ, లథ, గీథ అవుతారు. దాన్ని దిద్దితే ఊరిలోని కాగితాలతో పేరు కలవదు. ఇంటిపేరు, సొంతపేరు, తండ్రిపేరు వరసగా రాసే గుజరాత్ పద్ధతి, ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించే తెలుగు పద్ధతి కలిసేచోట ఇంకో ముడి పడుతుంది. బడి రికార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, ఊరి భూమి పాస్‌బుక్కులో ఒకలా ఉన్న పేరుకు కార్యాలయాల చుట్టూ తిరగాల్సింది ఆ కుటుంబమే. ఇక్కడ ఎవరి స్పెల్లింగూ తప్పు కాదు. రెండు ప్రాంతాల అలవాట్లు ఢీకొన్నాయి. కౌంటర్ దగ్గర మాత్రం అది ‘మీ తప్పు’ అయిపోతుంది.

తీర్పుకు ఒక కొలత

అయితే వర్ణక్రమం అక్కర్లేదనా? కాదు. అందరికీ ఒక్కలా అర్థమయ్యే రాత ఉండటం పేదవారికే ఎక్కువ అవసరం. చదువుకున్నవారు తప్పుల మధ్య నుంచైనా అర్థం లాక్కుంటారు. కూడబలుక్కుని చదివేవారికి ప్రతి తప్పూ ఒక రాయి. అందువల్ల తప్పును ఎవరు చేశారు, దిద్దుకునే వనరు వారికి ఉందా అన్నది కొలత కావాలి.

ప్రభుత్వ శాఖ, బ్యాంకు, పెద్ద సంస్థ తెలుగులో ప్రకటన వేసి అందులో అక్షరాలు తారుమారు చేస్తే క్షమించనక్కర్లేదు. వారికి అనువాదకులుంటారు, దిద్దేవారిని పెట్టుకునే స్తోమత ఉంటుంది. అక్కడ తప్పు కనిపిస్తే ‘మీరు మాకు లెక్కలేదు’ అన్నట్టే. మూడు లిపుల మధ్య పెరుగుతున్న పిల్ల అమ్మమ్మకు తెలుగులో నాలుగు ముక్కలు రాసి, అందులో రెండు తప్పులు పోతే అది ప్రయత్నం. మనం ఇప్పుడు సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాం. సంస్థల తప్పును నవ్వి వదిలేస్తున్నాం, పిల్లల తప్పును పట్టుకుని కూర్చుంటున్నాం. వెక్కిరింపు తిన్న పిల్ల మళ్లీ సరిగ్గా రాయదు, అసలు రాయడమే మానేస్తుంది. హిందీలోనో ఇంగ్లిష్‌లోనో జవాబిస్తుంది. ఒక కుటుంబంలో తెలుగు రాత ఆగిపోవడానికి అలాంటి నవ్వు ఒక్కటి చాలు.

బడి చేయగలిగిన పని కూడా ఇక్కడే ఉంది. ఎ–ఏ, ఒ–ఓ తేడాను గుజరాతీ తెలిసిన పిల్లలకు ప్రత్యేకంగా, మెడ–మేడ వంటి జంటలతో నేర్పవచ్చు. మహాప్రాణాల విషయంలో వారికున్న గుజరాతీ చెవిని వాడుకోవచ్చు. ‘వచ్చిండు’ అని రాస్తే ఎర్రసిరాతో కొట్టేయకుండా, ‘ఇది మన ఇంటి రూపం, పత్రికలో ఇలా ఉంటుంది’ అని రెండూ పక్కపక్కన చూపవచ్చు. రెండు రూపాలు తెలిసిన పిల్ల ఒక్కటే తెలిసిన పిల్లకన్నా ఎక్కువ తెలుగు తెలిసినట్టు.

చివరిగా, కాలం తెచ్చిన మార్పు ఒకటుంది. ఫోన్లు ఇప్పుడు మాటను పూర్తిచేస్తున్నాయి, కృత్రిమ మేధ తప్పుల్లేని పేరాలు క్షణాల్లో రాసిపెడుతోంది. ఒకప్పుడు మోసపు సందేశాన్ని దాని అక్షరదోషాలతో పట్టేసేవాళ్లం, ఇక ఆ ధీమా కుదరదు. శుభ్రమైన వర్ణక్రమం ఇకమీదట చదువుకూ నిజాయతీకీ సాక్ష్యం కాలేదు. సందేశంలో తప్పుల్లేవంటే రాసినవారు జాగ్రత్తపరులు కావచ్చు, యంత్రమూ కావచ్చు. సిరిసిల్ల మాటతో, సూరత్ అలవాటుతో, ఒకటిరెండు దీర్ఘాలు తగ్గి వచ్చిన సందేశం మాత్రం మనిషి రాసిందేనని ఇట్టే తెలిసిపోతుంది. దానికి ఇవ్వాల్సిన మొదటి జవాబు దిద్దుబాటు కాదు, ఆ సందేశానికి జవాబే.